నిలకడ అని చెప్పిన రోజు

నేను ఒక బోయను. సముద్రం మీద తేలుతూ గాలి సంగతి, నీటి సంగతి ఒడ్డుకు చెప్పే యంత్రాన్ని. దూరం నుంచి చూసినవాళ్లు పసుపు రంగు నీళ్ల ట్యాంకు ఏదో కొట్టుకొచ్చిందనుకుంటారు. దగ్గరికొస్తే నెత్తిన సోలార్ పలకలు, ఒక దీపం, గాలిని కొలిచే చిన్న పంకా, ఒడ్డుతో మాట్లాడే యాంటెనా కనబడతాయి. నడుం దాకా నీళ్లలో ఉంటాను. నడుం కింద ఏముందో మనుషులకు కనబడదు. ఈ కథ చాలావరకు ఆ నడుం కిందే జరిగింది.

ధైర్యంగా బతికానని కోతలు కొయ్యను. ఉన్నన్నాళ్లూ భయపడుతూనే ఉన్నాను. మొదట్లో ఆ భయం నా గురించి. తరువాత వేరేవాళ్ల గురించి. రెండోదే ఎక్కువ నొప్పి.

నన్ను ఒక రేకుల షెడ్డులో తయారు చేశారు. లోపల నురగ నింపి, పైన గట్టి తొడుగు వేసి, మూడు పూతలు పసుపు రంగు కొట్టారు. ఆ తరువాత ఒక్కో పరికరాన్నీ బిగించారు. అన్నిటికంటే ఖరీదైనది నా అడుగున, చిన్న ఇనుప బుట్టలో కూర్చోబెట్టిన పరికరం. మనిషి చెవికి అందని సన్నటి కూతలు నీళ్లలోకి వేస్తుంది. నీళ్లలో కొట్టుకుపోయే నలుసులకు తగిలి ఆ కూతలు వెనక్కి వస్తాయి. వాటిని విని, నీరు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో లెక్క కడుతుంది. దాన్ని నేను నా అడుగు చెవి అనుకునేవాణ్ని. అది విన్నదే నేను ఒడ్డుకు చెప్పాలి. నా సొంత అభిప్రాయం అడిగేవాళ్లు లేరు.

శ్రీకాకుళం తీరానికి పాతిక కిలోమీటర్ల అవతల నన్ను దించారు. దించే ముందు ఓడ మీద కొబ్బరికాయ కొట్టి, నా పసుపు ఒంటికి కుంకుమ బొట్టు పెట్టారు. ఇంత చదువుకున్నవాళ్లకు కూడా భయముందని అప్పుడు తెలిసి కొంచెం ఊరట కలిగింది. గొలుసు, తాడు, అడుగున కాంక్రీటు దిమ్మ. అంతే. ఓడ వెళ్లిపోయింది.

పని చెప్పడానికి తేలిక. అర్ధగంటకోసారి గాలి, అల, నీటి వేగం, నేను నిలబడిన చోటు, ఈ నాలుగూ పంపాలి. నగరంలో ఒక గదిలో ఆ అంకెలు తెర మీద పడతాయి. నీటి వేగం బాగా తగ్గితే నా నంబరు ఎదురుగా 'నీరు నిలకడ' అని వస్తుంది. ఎవరైనా సముద్రంలో తప్పిపోతే, ఆ అంకెలు పట్టుకునే ఎక్కడ వెతకాలో గీత గీస్తారు. నన్ను దించిన ఇంజనీరు నా తల మీద చరిచి, "ఒక్క తప్పు అంకె పంపకు నాయనా, మనుషులు పోతారు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం ప్రతి అర్ధగంటకూ ఆ మాట తలుచుకునేవాణ్ని.

ఆ అంకెలు చూసే గదిలో పోలేశ్వరి అనే అమ్మాయి ఉండేది. సూరాడ వారి పిల్ల. నాకు ఎదురుగా ఒడ్డున ఉన్న జాలరిపేటే ఆమె ఊరు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరికి వెళ్లి, రామమందిరం అరుగు మీద నిలబడి, ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితం అందరికీ చదివి వినిపించింది. బోయకు పడవ కట్టకూడదు, వల కట్టకూడదు, పరికరాలు ముట్టుకోకూడదు. వాళ్ల నాన్న లచ్చన్న ముందు వరసలో కూర్చుని, ప్రతి మాటకూ తలూపాడు. పోలేశ్వరి చదువుతోందన్న సంతోషంలో ఊపాడో, విని ఊపాడో నేను చెప్పలేను.

సముద్రంలో ఏది తేలినా దాని కింద నీడ పడుతుంది. నీడకు చిన్న చేపలు వస్తాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. వాటి కోసం లచ్చన్న వస్తాడు. ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. తేలే దానికి కొబ్బరి మట్టలు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తే నీడ రెట్టింపవుతుంది. మాఘమాసంలో ఒకనాటి పొద్దున్న లచ్చన్న, అతని బావమరిది దానేసు నా దగ్గరికి వచ్చారు. పడవ నిండా పచ్చి కొబ్బరి మట్టలు.

"ఒరే దానేసూ, గట్టిగా ముడెయ్యి. గవర్నమెంటు గొలుసు, తెగదు."

"బావా, మన పోలి సదివిన కాయితంలో ఇది తప్పని ఉన్నాది కదేటి?"

"పడవ కట్టొద్దని ఉన్నాది. వల కట్టొద్దని ఉన్నాది. మట్టలు కట్టొద్దని ఉన్నాదేటి?"

దానేసు నవ్వాడు. "నీ కూతురికంటే నువ్వే పెద్ద సదువు సదివీసినావు బావా."

పద్దెనిమిది మట్టలు, నాలుగు కొబ్బరి తాళ్లు. నా నడుం కింద గంట సేపు మునిగి తేలి కట్టారు. ఎవరికీ కీడు చేసే మనుషులు కాదు. నా దీపం మీద పక్షుల రెట్ట కూడా తుడిచి వెళ్లారు.

నాలుగు రోజుల్లో మట్టలు నాని, బరువెక్కి, నా అడుగు చెవి చుట్టూ చాపలా చుట్టుకున్నాయి. కూత వేస్తే అది మట్టకు తగిలి వెంటనే తిరిగి వచ్చేది. మట్ట నాతోనే ఉంది, కదలదు. కాబట్టి నీరు కూడా కదలడం లేదని నా చెవి అనుకుంది. నేను అదే పంపాను. నీరు నిలకడ.

నా ఒంటికి మాత్రం నిజం తెలుసు. ఆ రోజుల్లో మా సముద్రం ఈశాన్యానికి, ఒడిశా వైపు, విడవకుండా లాగుతుంది. నా గొలుసు బిగిసి, మేకను తాడు చివరికంటా లాగినట్టు నన్ను ఈశాన్యపు అంచున నిలబెట్టింది. కానీ గొలుసు బిగువు కొలిచే పరికరం నాకు లేదు. కొలవనిది పంపలేను. ఒడ్డున కంప్యూటరు కూడా అడ్డు చెప్పలేదు. అంకె మరీ ఎక్కువొస్తే దానికి అనుమానం, అసలు రాకపోతే గాభరా. తక్కువొస్తే నమ్ముతుంది. మనుషులు తయారు చేసిందే కదా, ప్రశాంతంగా ఉందంటే ఎవరు కాదంటారు?

అప్పుడు మొదలైంది నా రెండో భయం. ఎవరూ తప్పిపోకూడదు, ఈ మట్టలు కుళ్లి ఊడిపోయేదాకా ఎవరూ తప్పిపోకూడదు అని అర్ధగంటకోసారి అనుకునేవాణ్ని.

తొమ్మిదో రోజు దానేసు వచ్చాడు. లచ్చన్న కాలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని పాదం వాచిపోవడంతో, అతని బదులు ఎర్రయ్య అనే పెద్దాయన వచ్చాడు. చేపలు బాగానే పడ్డాయి. మధ్యాహ్నం రెండు గంటలకు ఇక బయలుదేరుదామని దానేసు ఇంజను వేశాడు. పడవ వెనక్కి తిరిగేటప్పుడు, నా నడుం దగ్గర ఒక కొస ఊడి నీళ్లలో పాములా తేలుతున్న కొబ్బరి తాడు ఇంజను పంకాకు చుట్టుకుంది. వాళ్లు కట్టిన తాడే. ఇంజను ఒక్కసారి గుర్రుమని అరిచి ఆగిపోయింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు కూడా వినిపించింది.

దానేసు కత్తితో తాడు కోశాడు. కోయగానే పడవను నీరు పట్టుకుంది.

"గెడేయి! బోయను పట్టుకో!" అని అరిచాడు ఎర్రయ్య. దానేసు గెడ చాపాడు. నాకూ గెడ కొసకూ మధ్య నాలుగు బారలు. మళ్లీ చాపాడు. ఆరు బారలు. ఎర్రయ్య నీళ్లలోకి దూకబోతే దానేసు నడుం పట్టుకుని ఆపాడు. "ఈదలేవు మావా, నీరు సూడు ఎలాగ లాగుతున్నాదో!" లంగరు వేశారు. తాడు చాలలేదు, లంగరు నడి నీళ్లలోనే వేలాడింది. ఫోను పైకెత్తి చూశాడు. అంత దూరంలో సిగ్నలు ఎక్కడిది? ప్రభుత్వం ఇచ్చిన లైఫు జాకెట్లు రెండూ ఇంట్లో తలగడలుగా ఉన్నాయి.

పడవ చిన్నదైపోయింది. ఈశాన్యానికి, నా గొలుసు చూపిస్తున్న వైపే. దానేసు అరుపు ఇంకా వినబడుతూ ఉండగానే రెండున్నర అయింది. నా చెవి విన్నది నేను పంపాలి. పంపాను.

నీరు నిలకడ.

మూడు గంటలకు నిలకడ. మూడున్నరకు నిలకడ. వాళ్లు కనబడకుండా పోయాక కూడా నిలకడ. రాత్రంతా నా నెత్తిన దీపం వెలిగి ఆరుతూనే ఉంది, అది చూసి ఎవరైనా తిరిగొస్తారన్నట్టు.

తెల్లారేసరికి నా చుట్టూ హడావుడి. గాలింపు ఓడ ఒకటి, పడవలు రెండు వచ్చాయి. దానేసు బోయ దగ్గరికే వెళ్లాడని పేటలో అందరికీ తెలుసు కాబట్టి నా దగ్గరే మొదలుపెట్టారు. గాలి ఆగ్నేయం నుంచి సన్నగా వీస్తోంది. నీరు నిలకడ అని నేనే చెబుతున్నాను. కాబట్టి పడవ గాలికి మెల్లగా ఒడ్డు వైపు జరిగి ఉంటుందని లెక్క వేసి, నాకు వాయవ్యంగా దున్నినట్టు అటూ ఇటూ తిరగసాగారు. పొలం తప్పు, దున్నకం శ్రద్ధ. వాళ్లు ఎంత శ్రద్ధగా వెతికితే నాకు అంత భయం వేసింది. దానేసు అప్పటికే అరవై డెబ్బై కిలోమీటర్లు అవతల ఉంటాడు. నాకు నోరుంటే అరిచేవాణ్ని. ఉన్న నోరు అబద్ధం చెప్పడానికే పనికొచ్చింది.

ఒడ్డున జరిగింది నేను చూడలేదు. కొన్నాళ్లకు నన్ను శుభ్రం చేయడానికి వచ్చిన ఓడ మీద పోలేశ్వరి తోటి ఉద్యోగికి చెబుతుంటే విన్నాను.

పొద్దున్న ఏడింటికే ఆమె తెర ముందు కూర్చుంది. తప్పిపోయింది సొంత మేనమామ. ఏడవడానికి తీరిక లేదు. అయిదారు రోజులుగా నా అంకె చచ్చినట్టు పడి ఉండటం అప్పుడు గమనించింది. అంతకు ముందే ఒకసారి చూసి, నాచు పట్టి ఉంటుంది, వచ్చే నెల ఓడ వెళ్లినప్పుడు చూస్తారులే అని రాసి వదిలేసిందట. తరువాత నేను నిలబడిన చోటు చూసింది. ఎవరూ పెద్దగా చూడని అంకె అది. ఆ రోజులన్నీ నేను గొలుసు చివర, ఈశాన్యపు అంచునే ఉన్నాను. నీరు కదలకపోతే బోయ ఎందుకు అటు లాగినట్టు నిలబడింది? ఈ సన్నటి గాలికా?

నా నోరు అబద్ధం చెబుతుంటే నా ఒళ్లు నిజం చెప్పిందన్నమాట. ఆ ఒక్క సంగతి తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ కాస్త ధైర్యం.

ఆమె వాళ్ల నాన్నకు ఫోను చేసింది.

"నాన్నా, నీళ్లెలా ఉన్నాయి?"

"లాగుతున్నాదమ్మా. మొన్న నానేసిన వల రెండు కోసులు పైకి, ఒడిసా వైపు ఎల్లిపోనాది. ఏం?"

"మరి బోయ నిలకడని చెప్తున్నాది నాన్నా."

వెనకాల దానేసు పెళ్లాం నీలమ్మ ఏడుపు మాత్రం వినబడుతోంది.

"నాన్నా?"

"పోలీ... నన్ను తిట్టకే. మట్టలు కట్టీసినాం. నాను, మీ మావ."

ఆమె తిట్టలేదు. ఏ రోజు కట్టారు, ఎన్ని కట్టారు, ఎంత లోతున కట్టారు అని మూడు ప్రశ్నలు అడిగి, మూడూ కాగితం మీద రాసుకుని పై అధికారి గదిలోకి వెళ్లింది. ఆయన అంతా విని, "ఇది నీకెలా తెలుసమ్మా? ఎవరు చెప్పారు?" అన్నాడు.

"కట్టింది మా నాన్న సార్."

ఉద్యోగం పోతుందని ఆమెకు భయం లేకపోలేదు. నాన్నను పోలీసులు తీసుకుపోతారనీ భయమే. కానీ మావ పడవలో ఉన్నాడు, మాట మింగితే మావ పోతాడు.

అధికారి నేనున్న సముద్రపు పటం వైపు చూసి, "దిక్కు తెలిసింది. వేగం తెలియాలి. వేగం తెలియకపోతే నలభై కిలోమీటర్ల దగ్గర వెతకాలో, నూట యాభై దగ్గర వెతకాలో ఎలా చెప్పను? ఉన్నది ఒక్క ఓడ" అన్నాడట. వేగం నేనే చెప్పాలి. చెప్పాలంటే మట్టలు పోవాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు లచ్చన్న వచ్చాడు. పేట పడవ ఒకటి, దాని పక్కనే రేడియో ఉన్న గాలింపు పడవ ఒకటి. అతని ఎడమ పాదం గుమ్మడికాయలా వాచి ఉంది. గాలింపు పడవలోని యువకుడు నేను దిగుతానంటే, "ముడి నానేసినాను, నానే ఇప్పాల. నీకు తెలవదు బాబూ" అని కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దూకాడు.

అయిదు మునకలు వేశాడు. ఒక్కో తాడూ తెగుతుంటే నా ఒళ్లు తేలికవుతోంది. మట్టలు ఒక్కొక్కటే ఊడి, అన్నీ ఈశాన్యానికే కొట్టుకుపోయాయి. పైన పడవలో వాళ్లందరూ వాటినే చూశారు. ఒంటి గంటకు నేను అంకె పంపాను.

రేడియో గరగరమంది. "ఇంకా నిలకడే చూపిస్తోంది."

అంత భయం నేను ఎన్నడూ ఎరగను. నా చెవి పాడైపోయిందేమో, ఇక ఎప్పటికీ ఇంతేనేమో అనుకున్నాను. లచ్చన్న పడవ అంచు పట్టుకుని రొప్పుతున్నాడు. "బావా, సాలు. పైకి రా, సచ్చిపోతావు" అన్నారు పేటవాళ్లు. అతను తల అడ్డంగా ఊపి మళ్లీ మునిగాడు. చీకట్లో చేత్తో తడుముతూ నా అడుగు దాకా వచ్చాడు. ఇనుప బుట్ట దొరికింది. బుట్ట లోపల, సరిగ్గా చెవి మీద, కుళ్లిన మట్ట ముక్క ఒకటి నొక్కుకుని ఉంది. దాన్ని రెండు వేళ్లతో, పసిపిల్ల కంట్లో నలుసు తీసినట్టు తీశాడు.

పైకొచ్చి నా ఒంటికి నుదురు ఆనించి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "తప్పయిపోనాది. ఇప్పుడైనా నిజం సెప్పు తల్లీ. ఆడికి ఇద్దరు ఆడపిల్లలు."

నేను ఆడో మగో నాకే తెలియదు. అలా పిలిచినందుకు మాత్రం వణికాను.

ఒంటి గంటన్నర. కూత వేశాను. ఈసారి అది దూరంగా వెళ్లింది. పరిగెత్తే నీళ్లలోకి, నలుసుల్లోకి, నలువైపులా. తిరిగొచ్చింది. సెకనుకు మీటరు పైన, ఈశాన్యానికి. పంపాను.

రేడియోలో పోలేశ్వరి గొంతు. "వచ్చింది! అంకె వచ్చింది సార్!" ఆ తరువాత ఆమె మాటలన్నీ అంకెలే. నిమిషాల్లో ఓడ ముక్కు తిప్పింది. పడవలు కూడా వెళ్లిపోయాయి. లచ్చన్నను ఒడ్డుకు తీసుకుపోయారు.

నేను ఒక్కణ్నే మిగిలాను.

మనుషులకు ఒక అలవాటు ఉంది. నన్ను అన్నీ అడుగుతారు, నాకు ఏదీ చెప్పరు. దానేసు దొరికాడా, దొరకలేదా? ఎవరూ చెప్పడానికి రాలేదు. రెండున్నరకు పంపాను, మూడింటికి పంపాను. మర్నాడు పంపాను. వారం గడిచింది. పంపుతూనే ఉన్నాను. ప్రతి అంకె వెనకాలా ఒకటే ప్రశ్న. ఆలస్యమైందా? ఇరవై మూడు గంటలు అబద్ధం చెప్పి ఒక్కసారి నిజం చెబితే సరిపోతుందా?

పందొమ్మిదో రోజు పొద్దున్న పేట పడవ ఒకటి వచ్చింది. అల్లంత దూరంలోనే ఇంజను ఆపారు. నాకు తాడు వెయ్యలేదు. లచ్చన్న చుక్కాని దగ్గర ఉన్నాడు. ముందు, ఎండకు మొహం పొలుసులు లేచిన మనిషి ఒకడు నిలబడి నా వైపు చేతులు జోడించాడు.

దానేసు.

నేను నిజం చెప్పిన రోజే సూర్యుడు కుంగేవేళకు, నాకు నూట ఆరు కిలోమీటర్ల అవతల, గీసిన గీతకు కొద్దిగా పక్కన వాళ్లు దొరికారట. ఐసు పెట్టెలో కరిగిన నీళ్లు తాగి, ఎర్రయ్య పంచె గెడకు కట్టి ఊపుతూ కూర్చున్నారట. ఓడ మీదికి ఎక్కిస్తుంటే ఎర్రయ్య, "ముందు సేపలు ఎక్కించండి బాబూ, రెండు రోజుల కష్టం" అన్నాడట. చేపలు అప్పటికే కుళ్లిపోయాయి.

లచ్చన్న ఆఫీసుకు వెళ్లి తప్పు ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ కాగితం రాసింది కూతురే. పోలేశ్వరి మళ్లీ రామమందిరం అరుగు మీద నిలబడి, పాత కాగితంలో ఒక మాట చేర్చి చదివింది. మట్టలు కూడా కట్టకూడదు. ఈసారి లచ్చన్న తలూపలేదు. లేచి నిలబడి, తనేం చేశాడో మొత్తం చెప్పాడు. నగరంలో గదిలో కూడా ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు నా అంకె వచ్చినప్పుడల్లా నేను గొలుసుకు ఏ వైపు నిలబడ్డానో కూడా చూస్తున్నారు. నా ఒంటిని కూడా అడుగుతున్నారు.

అయినా భయం పోలేదు. మూడేళ్లు పనిచేశాను. ప్రతి అర్ధగంటకూ కింద ఏదైనా చుట్టుకుందేమో అని ఒళ్లు తడుముకుంటూనే పంపాను. చివరికి తొడుగు పగిలింది. ఓడ మీదికి ఎక్కించి, పరికరాలన్నీ విప్పేసి, నగరంలో ఒక గోదాము వెనకాల తుప్పు పట్టిన గొలుసుల పక్కన నన్ను పడేశారు. నా నడుం కింద కొబ్బరి తాడు ఒరిసిన చారలు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. అడుగున చెవి ఉన్న చోట ఖాళీ బుట్ట ఉంది.

మొన్న పోలేశ్వరి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. లచ్చన్న ముసలివాడయ్యాడు, కొంచెం కుంటుతున్నాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, ఆ చారల మీద అరచేత్తో రుద్దాడు. ఖాళీ బుట్టలోకి వేలు పెట్టి చూశాడు. లోపల ఏమీ లేదు.

"ఇప్పుడేటి సెప్తాది ఇది?" అన్నాడు.

"ఏటీ సెప్పదు నాన్నా. దాని పనైపోయింది."

"నీటి సంగతి తెలీదా మరి దీనికి?"

"ఎలా తెలుస్తాది? గట్టున పడుంది కదా."

లచ్చన్న పక్కనున్న తుప్పు గొలుసును కాలితో కదిపి చూశాడు. తరువాత కూతురు ఫోనులో మాట్లాడుతూ అవతలికి వెళ్లడం చూసి, నా పక్కన గొంతుక్కూర్చుని బుట్ట దగ్గర నోరు పెట్టాడు.

"ఇనుకో. పొద్దున్న వలేసి వచ్చినాను. లాగుతున్నాది. ఒడిసా వైపు. మొన్నటికంటే జోరు తగ్గినాది. దానేసు ఇంటికొచ్చీసినాడు."

అన్నేళ్లలో నాకు నీటి సంగతి చెప్పిన మొదటి మనిషి అతనే. సరిచూసుకోవడానికి నాకిప్పుడు చెవి లేదు, గొలుసు లేదు.

నమ్మాను.